అటుక మీది డప్పు



క్రిందటి నెల మా యౌవనస్థుల కూడికలో ఒక పిల్లవాడు లేచి, "అయ్యగారూ, మీరు ఎప్పుడన్న పాటల ప్రోగ్రాముకు పోయిండ్రా?" అని అడిగాడు. అందరూ నవ్వారు. వారి లెక్కలో పాస్టరు అంటే పుట్టినప్పటి నుండి తెల్లచొక్కా తొడుక్కొని హార్మోనియం ప్రక్కన కూర్చున్నవాడే. నేను కూడ నవ్వి, "పోయిన బిడ్డా. ఒక్కసారి గాదు, ఆ పాటలోళ్ళు మన దిక్కు ఎప్పుడొస్తే అప్పుడు పోయిన" అన్నాను. వాళ్ళు నమ్మలేదు. ఆ సాయంత్రం వాళ్ళకు సగం సంగతి చెప్పాను, సగం దాచుకొన్నాను. ఇంటికి వచ్చిన తరువాత, ఆ దాచుకొన్న సగమే అసలు చెప్పవలసినది అనిపించింది. అందుకే ఈ నెల మీకు రెండూ వ్రాస్తున్నాను.

అది 2002వ సంవత్సరము. నాకు ఇరువది నాలుగేండ్లు. వేదశాస్త్ర డిప్లొమా ముగించుకొని ఎల్లారెడ్డి దగ్గర మా సొంత ఊరిలోనే ఉంటూ, చుట్టుప్రక్కల పల్లెలలో సువార్తికునిగా పని మొదలుపెట్టి ఏడాది నిండలేదు. ఆ యేడు దేశమంతటా కరువు. బోర్లు ఎండిపోయినవి. మా దిక్కు మగవాళ్ళు కొందరు బొంబాయికి, కొందరు దుబాయికి పోయారు. ఆదివారము ఆరాధనలో పురుషులు కూర్చునే వైపు చాపలు సగం ఖాళీగా ఉండేవి. స్త్రీలు ప్రార్థన మనవులు చెప్పేటప్పుడు, "మా ఇంటాయన ఉత్తరం రాలేదు" అన్న మనవి ప్రతి వారము ఉండేది.

ఆ సెప్టెంబరు నెలాఖరున కామారెడ్డిలో 'ధూం ధాం' అని ఒక ఆటపాటల సభ జరుగుతుందని తెలిసింది. రసమయి బాలకిషన్ మొదలైన కళాకారులు కూడి జరిపిన ఆ సభయే తెలంగాణలో మొట్టమొదటి ధూం ధాం. తరువాతి పన్నెండేండ్లలో ఊరూరా జరిగిన ధూం ధాంలన్నిటికి మన కామారెడ్డియే పుట్టినిల్లు. ఆ రోజు అది మాకు తెలియదు. పాటలుంటాయి, డప్పులుంటాయి అని మాత్రమే తెలుసు.

పాట అంటే నాకు చిన్ననాటి నుండి ప్రాణము. మా చిన్నాయన దగ్గర ఒక టేపురికార్డరు ఉండేది. తూప్రాన్‌లో పుట్టిన గద్దర్, ఆయన జననాట్యమండలివారి పాటల క్యాసెట్లు అందులో వేసి, చప్పుడు తగ్గించుకొని వినేవాళ్ళము. 1990 ఫిబ్రవరిలో హైదరాబాదు నిజాం కాలేజీ మైదానములో ఆయన పాడిన సభకు లక్షల మంది పోయారని పెద్దవాళ్ళు చెప్పుకొంటుంటే, పన్నెండేండ్ల నేను పోలేకపోయినందుకు ఏడ్చాను. ఆ పాటల వెనుక నున్న తుపాకి నాకు అప్పుడూ ఇష్టము లేదు, ఇప్పుడూ లేదు. కాని ఆ గొంతు మా వాడ గొంతు. ఆ మాటలు మా అమ్మ మాట్లాడే మాటలు. రేడియోలో గాని సినిమాలో గాని మా అమ్మ మాట నేను అంతవరకు వినలేదు.

ఇద్దరు యౌవనస్థులను వెంటబెట్టుకొని, లింగంపేట మీదుగా బస్సులో కామారెడ్డి చేరుకొన్నాను. మేము పోయేసరికే జనము కిక్కిరిసి ఉన్నారు. వేదిక ప్రక్కన గడ్డి మంట వేసి డప్పులు కాగబెడుతున్నారు. కాగిన తోలు వాసన ముక్కుకు తగలగానే నాకెందుకో ఒళ్ళు ఝల్లుమన్నది. తరువాత గొంగడి భుజాన వేసుకొని, కాళ్ళకు గజ్జెలు కట్టుకొని వాళ్ళు వేదిక ఎక్కారు. పరదాలు లేవు, సినిమావాళ్ళ సోకులు లేవు. ఒకడు పాట ఎత్తుకొంటే నలుగురు అందుకొంటారు. పాటకు పాటకు నడుమ మన యాసలోనే మాట్లాడి కడుపుబ్బ నవ్విస్తారు. నవ్వు ఆగకముందే ఇంకొక పాట ఎత్తుకొని ఏడిపిస్తారు. వలస పోయినవాని గురించి పాడినప్పుడు నా ప్రక్కనున్న ఒక ముసలమ్మ కొంగు నోటికి అడ్డము పెట్టుకొన్నది. మా సంఘములో ఆ ప్రార్థన మనవి చెప్పే స్త్రీలందరు నాకు జ్ఞాపకము వచ్చారు.

అయితే నన్ను కట్టిపడవేసినది డప్పు. మా ఊళ్ళో డప్పు కొట్టేవాడు ఊరేగింపులో అందరికంటె ముందు నడుస్తాడు, బంతిలో అందరికంటె చివర కూర్చుంటాడు. ఇక్కడ అతడు వేదిక నట్టనడుమ నిలబడ్డాడు. కుడిచేతిలో చిర్ర, ఎడమచేతిలో సన్నని పుల్ల, ఎదమీద డప్పు. వకీళ్ళు, బడిపంతుళ్ళు, కాలేజి పిల్లలు నేల మీద కూర్చొని అతనికి చప్పట్లు కొడుతున్నారు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా ఉద్యమము డప్పును సిగ్గుపడకుండా భుజాన వేసుకోవడం అప్పటికే నేర్పింది. ఆ మాట నేను పత్రికలలో చదివాను. కంటితో చూచింది ఆ రాత్రియే.

కార్యక్రమము ముగిసేసరికి బస్సులు లేవు. బస్‌స్టాండులో కూర్చొని, కాళ్ళతో తాళము వేసుకొంటూ, తెల్లవారి మొదటి బస్సుకు ఇల్లు చేరాము. నాయిన వాకిట్లో పండ్లపుల్ల నములుతున్నాడు.

"ఏడికి పోయినవ్ రాత్రి?"

"కామారెడ్డికి నాయినా."

"మీటింగా?"

"ఆఁ, అసొంటిదే."

అంతకు మించి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో మీకు తెలియవలెనంటే మా ఇంటి అటుక గురించి చెప్పాలి. నేను ఆరేడేండ్ల వాణ్ణి ఉన్నప్పుడు ఆ అటుక మీద ఒక గుండ్రని చెక్క చట్రము దొరికింది. దానికి తోలు లేదు. ఎలుకలు ఎప్పుడో కొరికివేసినవి. నేను దానిని బండిచక్రము లాగ పుల్లతో కొట్టుకొంటూ వాడంతా దొర్లించాను. నాయిన ఎదురు వచ్చాడు. తిట్టలేదు, కొట్టలేదు. చట్రము నా చేతిలోనుండి తీసుకొని, దుమ్ము తుడిచి, మళ్ళీ అటుక మీద పెట్టాడు. ఆ రోజంతా ఎవరితోను మాట్లాడలేదు. అది డప్పు చట్రమని, నాయిన ఒకప్పుడు చుట్టూ పది ఊళ్ళలో పేరున్న డప్పు కళాకారుడని తరువాత ఇతరుల నోట విన్నాను. ఎందుకు మానివేశాడని అడిగితే అమ్మ, "క్రీస్తులో ఉన్నోళ్ళకు అదెందుకు రా" అనేది. మా తాత కాలములోనే, మిషను దినములలోనే, మా ఇంటివారు బాప్తిస్మము పొందారు. నాయిన మాత్రం ఆ తరువాత ఎన్నో ఏండ్లు డప్పు కొట్టాడు. అమ్మ జవాబు ఆ లెక్కకు సరిపోదని నాకు అప్పుడు తోచలేదు.

కామారెడ్డి నుండి వచ్చినది మొదలు నా తల నిండ ఒకటే ఆలోచన. ఆ సంవత్సరము క్రిస్మస్ ఆరాధనలో డప్పు మ్రోగించాలి. ముగ్గురు కుర్రవాళ్ళను పోగుచేసి నేర్పించాను. సంఘ పెద్ద ఒకాయనకు సంగతి తెలిసి ఇంటికి వచ్చాడు.

"అయ్యగారూ, గుడిలోకి డప్పా? మనం ఏం ఇడిసిపెట్టి వచ్చినమో మరిచిపోయినవా?"

నాకు వయస్సు వేడి, క్రొత్త చదువు. 150వ కీర్తనలో ఏయే వాద్యములున్నవో లెక్కబెట్టి చెప్పాను. ఎఱ్ఱ సముద్రము దాటిన తరువాత మిర్యాము చేతిలో ఏముండెనో చెప్పాను. ఆయన నోరు మూతపడింది. ప్రక్కన మంచము మీద కూర్చున్న నాయిన ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే ఒప్పుకోవడం అని నేను అనుకొన్నాను.

క్రిస్మస్ రాత్రి కీర్తన ఎత్తుకొని మూడు డప్పులు ఒక్కసారి మ్రోగేసరికి పిల్లలు ఎగిరి దుమికారు. ముసలివాళ్ళ ముఖములు కూడ వెలిగినవి. నాయిన మొదటి చాప మీద కూర్చొని ఉన్నాడు. మెల్లగా లేచి, తువ్వాల భుజాన వేసుకొని, చీకటిలోకి వెళ్ళిపోయాడు. నేను చూచాను, చూడనట్లు పాడుతూనే ఉన్నాను. ముసలివాళ్ళ మొండితనము అనుకొన్నాను. ఆరాధన తరువాత అందరూ, "ఈ యేడు పండుగ పండుగ లెక్క ఉన్నది" అని చేతులు కలుపుతుంటే ఉబ్బిపోయాను.

నాయిన ఆ రాత్రి అన్నము తినలేదు. మూడు దినములు నాతో మాట్లాడలేదు. నాలుగవ దినము నేనే పోట్లాటకు దిగాను.

"తబలకు ఉన్నది తోలు గాదా నాయినా? కంజిరకు ఉన్నది తోలు గాదా? డప్పు తోలుకే వచ్చిందా పాపం?"

"తోలుకేం పాపం రా కొడుకా" అన్నాడు. చాలసేపు నేల వైపు చూచి, అప్పుడు చెప్పాడు. ఆయన మాటలలోనే వ్రాస్తున్నాను.

"నువ్వు పుట్టకముందు నీకో అక్క ఉండె. మూడేండ్ల పిల్ల. 1972 ఎండకాలం వాంతులు విరేచనాలు పట్టినై. ఒక్కనాడే. పొద్దుగూకంగ బొందపెట్టి వచ్చినం. ఇంక చేతుల మన్ను కడుక్కోలే. వాకిట్ల జీతగాడు నిలవడ్డడు. ఊరి పెద్దింట్ల పెండ్లి, ఎదుర్కోలుకు డప్పులు రాలే, తొందరగ రమ్మంటున్నరు అన్నడు. పిల్ల సచ్చిపోయింది అని చెప్పిన. ఆ సంగతి ఆళ్ళకు తెలుసు, అయినా రమ్మన్నరు అన్నడు. పోయిన. పోకుంటె ఊర్ల ఉండనియ్యరు. తెల్లారేదాక కొట్టిన. పెండ్లి దెబ్బ కొట్టిన. మీ అమ్మ ఇంట్ల ఒక్కతే. ఆ సప్పుడు ఆమెకు రాత్రంత ఇనవడుతనే ఉండె."

అమ్మ పొయ్యి దగ్గర ఉన్నది. వెనుకకు తిరిగి చూడలేదు.

"మల్ల ముట్టలే. మీ తాత కీర్తనలు సదివిపిచ్చుకొని మాకు చెప్పేటోడు గద. చెరపట్టుకపోయినోళ్ళు మాకు పాట పాడుండ్రి అంటె, మనోళ్ళు సితారలు చెట్లకు తగిలిచ్చిన్రు గద. సితార చెడ్డదా? గాదు. పాడుమన్నోడు ఎవడన్నదే లెక్క."

నేను 137వ కీర్తన మీద పరీక్షలో జవాబు వ్రాసి మంచి మార్కులు తెచ్చుకొన్నవాణ్ణి. నిరవంజి చెట్లు ఏ దేశములోవో, ఏ నది ఒడ్డువో వ్రాశాను. అందులో ఒకటి మా అటుక మీదనే ఉన్నదని నాకు తెలియలేదు.

డప్పు మానివేసినందుకు మా వాళ్ళకు ఊళ్ళో పని దొరకలేదు. నాయిన, అమ్మ ఏండ్ల తరబడి నిజాంసాగర్ కాలువ క్రింద, బాన్సువాడ దిక్కు వరికోతలకు పోయి బ్రతికారు. వెట్టిచాకిరి నిర్మూలన చట్టము 1976లో వచ్చింది. అంతకు నాలుగేండ్ల ముందే, ఏ చట్టము అండ లేకుండ, చదువు రాని ఒక మనిషి "రాను" అన్నాడు. ఆ మాటకు ఖరీదు చెల్లించాడు. ఆయన ఖరీదు పెట్టి తెచ్చుకొన్న నిశ్శబ్దమును, ఆయనను ఒక్క మాట అడగకుండా, నేను గుడి నడుమ పగులగొట్టాను. పైగా వాక్యము చెప్పి గెలిచాను.

కాళ్ళు పట్టుకొని క్షమించమన్నాను. "నువ్వు కొట్టిచ్చుకో కొడుకా, పిలగాండ్లకు మంచిగున్నది. నన్ను మాత్రం కూసుండుమనకు" అన్నాడు. ఆ తరువాత డప్పు మ్రోగే ఆరాధనలలో ఆయన బయట వేపచెట్టు క్రింద కూర్చొనేవాడు. నేను ఆయనను లోపలికి రమ్మని ఎన్నడూ పిలువలేదు.

నా ధూం ధాం పిచ్చి మాత్రం తగ్గలేదు. పాస్టరు గంతులు చూడబోతాడని కొందరు అన్నారు. అననిచ్చాను. ఎల్లారెడ్డిలో, కామారెడ్డిలో, చుట్టుప్రక్కల ఎక్కడ జరిగినా వెనుక వరుసలో నేనుండేవాణ్ణి.

2011లో సకల జనుల సమ్మె జరిగింది. సెప్టెంబరు 13న మొదలై నలువది రెండు దినములు సాగిన ఆ సమ్మెలో బస్సులు ఆగినవి, బడులు మూతపడినవి. ఆ దినములలో ఎల్లారెడ్డిలో ఒక సాయంత్రము ఆటపాట ఉన్నదని తెలిసి నేను మోటారుసైకిలు తీస్తుంటే నాయిన వచ్చి, "నన్ను గూడ తోలుకపో" అన్నాడు. అప్పటికి ఆయనకు డెబ్బై దగ్గర పడినవి. నేను మారు మాట్లాడకుండా ఎక్కించుకొన్నాను.

వెనుక ఒక అరుగు మీద కూర్చొన్నాము. డప్పులు మొదలైనవి. నాకు వేదిక మీద దృష్టి లేదు, నాయిన మీదనే. చాలసేపు రాయిలాగ కూర్చొన్నాడు. తరువాత ఆయన కుడిచేతి వ్రేళ్ళు మోకాలి మీద కదిలినవి. కొంతసేపటికి ఎడమచేతి వ్రేళ్ళు కూడ.

"ఆ మూడో పిలగాడు డప్పు సరిగ్గ కాగవెట్టలే" అన్నాడు.

నాకు నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చినవి. ముప్పది తొమ్మిదేండ్ల తరువాత ఆయన నోట డప్పు గురించి ఆ మాట. కొంతసేపు ఆగి అడిగాడు:

"ఈళ్ళను పిలిచింది ఎవరు రా?"

"ఎవరూ పిలువలే నాయినా. ఆళ్ళే వచ్చిన్రు."

"రాకుంటె ఎవరన్న అడుగుతరా?"

"అడుగరు."

"అట్లయితె మంచిదే" అన్నాడు.

తరువాతి సంగతులు మీకు తెలిసినవే. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడింది. ఆ వేదికల మీద ఆడిపాడినవారిలో కొందరికి తెలంగాణ సాంస్కృతిక సారథిలో ఉద్యోగములు దొరికినవి, కొందరికి ఏమీ దొరకలేదు. రసమయి శాసనసభ్యుడైనాడు. గద్దర్ 2023 ఆగస్టు 6న కన్నుమూశాడు. బడి ముఖము చూడని అందెశ్రీ వ్రాసిన పాట 2024లో రాష్ట్రగీతమైనది. ఆయన కూడ 2025 నవంబరులో వెళ్ళిపోయాడు. ఎవరి పార్టీ మంచిది అని వ్రాయడము ఈ పేజీ పని కాదు. నా యౌవనములో నేను ఇష్టపడిన గొంతులు ఒక్కొక్కటే ఆగిపోతుంటే, వాటికి నేను బాకీ ఉన్న కృతజ్ఞత చెప్పుకొంటున్నాను, అంతే.

2016 దసరా నాడు, అక్టోబరు 11న, కామారెడ్డి జిల్లా అయింది. ఆ క్రిస్మస్ రాకముందే నాయిన ప్రభువునందు నిద్రించాడు. పోవడానికి వారము ముందు నన్ను దగ్గరకు పిలిచి ఒక మాట చెప్పాడు: "నా సావుకు డప్పు కొట్టుమని ఎవ్వన్ని పిలువకు. ఎవడన్న వస్తె ఎల్లగొట్టకు."

నేను ఎవరినీ పిలువలేదు. సమాధికి తీసుకొనిపోవు సమయమునకు మా వాడ పిల్లలు నలుగురు డప్పులు కాగబెట్టుకొని వచ్చి వాకిట్లో నిలబడ్డారు. అందులో ఇద్దరు ఆ 2002 క్రిస్మస్‌కు నేను నేర్పించినవాళ్ళు. అప్పటికే పిల్లల తండ్రులు. "మేమే వచ్చినం అయ్యగారూ" అన్నారు. నేను అమ్మ వైపు చూచాను. ఆమె తల ఊపింది. గుడి దాటి సమాధుల తోట వరకు వాళ్ళు ముందు నడిచారు. భోజనము దగ్గర వాళ్ళను మొదటి బంతిలో కూర్చోబెట్టి నేనే వడ్డించాను.

ప్రియులారా, మన సంఘములలో పాడేవాళ్ళున్నారు, వాయించేవాళ్ళున్నారు, చాపలు పరిచేవాళ్ళున్నారు, ఊడ్చేవాళ్ళున్నారు. వారిలో "రాను" అని చెప్పగలిగినవాళ్ళు ఎందరు? రానంటే వారితో మనము మునుపటి వలె మాట్లాడతామా? రాను అనగలిగినవాడు తనంతట తాను వస్తే అది స్తుతి. అనలేనివాడు వస్తే, పాట ఎంత ఇంపుగా ఉన్నా, అది ఇంకొక వెట్టి. కామారెడ్డి వేదిక మీద నేను చూచినది మొదటిది. నా క్రిస్మస్ ఉత్సాహములో నేను చేసినది రెండవదానికి దగ్గర పడింది. ఈ తేడా నాకు వేదశాస్త్ర కళాశాల నేర్పలేదు. అక్షరము రాని నాయిన నేర్పాడు.

యౌవనస్థుల కూడికలో ఆ పిల్లవాడు చివరకు అడిగిన ప్రశ్న ఒకటి మిగిలింది. "అయ్యగారూ, ఆ చట్రం ఇంక ఉన్నదా? ఉంటే ఇయ్యిండ్రి, నేను తోలు ఎక్కిచ్చుకుంట." అతనికి నేను, "ఉన్నది బిడ్డా. కాని అది నాది గాదు. మా అమ్మను అడుగు" అన్నాను.

పోయిన ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత అతడు అమ్మ ప్రక్కన చాప మీద కూర్చొని ఉండుట చూచాను. ఇద్దరూ చాలసేపు మాట్లాడుకొన్నారు. ఏమి అడిగాడో, ఆమె ఏమన్నదో నేను అడుగలేదు.